కిరీటం కట్టిన చేతులు

కోరుట్ల దగ్గర రోడ్డు మీద అందరూ పరుగెత్తుతుంటే అతనొక్కడే నిలబడ్డాడని మొట్టమొదట చెప్పినవాణ్ణి నేను. ‘వెనుదిరగడం తెలియని వీరుడు’ అన్న మాట నాదే. తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న ఆ రోజుల్లో ఒక టీవీ మైకు ముందు అన్నాను. తర్వాత సంతాప సభలో అన్నాను. ఆ తర్వాత ఒక సంచికకు వ్యాసంగా రాసిచ్చాను. మొన్న అతని విగ్రహం కింద రాతి మీద కూడా అదే చెక్కారు. ఆ మాట వద్దని చెప్పాను. విగ్రహం పెట్టినవాళ్ళు వినలేదు, పాత సంచికలోంచి తీసుకున్నారు. రాతి మీది మాటను చెరపడం నా వల్ల కాదు, అందుకని ఇది రాస్తున్నాను. అతను నిలబడ్డ మాట నిజం. ఎందుకు నిలబడ్డాడో నేను చెప్పిందే అబద్ధం.

మాది మల్లాపూర్ వైపు ఒక ఊరు. మా నాన్న మగ్గం నేసేవాడు. నేను చదువుకుని జగిత్యాలలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. ఎండాకాలం వచ్చి పొలం పనులు అయిపోయాక మా ఊళ్ళో భాగవతం కట్టేవాళ్ళు, ఏ పురాణం కథ ఆడినా వీధి నాటకాన్ని మా వైపు అలాగే అంటారు. నేతవాళ్ళూ కూలివాళ్ళూ కలిసి ఒక ముసలి పంతులు దగ్గర రెండు నెలలు నేర్చుకుని ఆడేవాళ్ళం. పంతులు హార్మోనియం వాయించేవాడు, తిట్టేవాడు, తప్పు పాడితే హార్మోనియం మూసేసి లేచిపోయేవాడు. మేం ఎక్కువగా ఆడింది పద్మవ్యూహం కథ.

ఆ కథ తెలియనివాళ్ళుండరు. శత్రువులు సైన్యాన్ని తామరపువ్వులా గుండ్రంగా నిలబెడతారు. అందులోకి పోవడమే తప్ప బయటికి రావడం తెలియని కుర్రవాణ్ణి పెదనాన్న పిలిచి, నువ్వు దారి చెయ్యి, నీ వెనకే మేమంతా వస్తాం అంటాడు. కుర్రవాడు పోతాడు. వెనక దారి మూసుకుంటుంది. ఎవరూ రారు.

ఆ పెదనాన్న వేషం నాది. కుర్రవాడి వేషం అతనిది. కూలి చేసుకునే ఇంటివాడు, తండ్రి లేడు, తల్లి బీడీలు చుట్టేది. మీసాలు వచ్చీరాకముందే సిరిసిల్ల పోయి సాంచాల మీద పనికి కుదిరాడు. సాంచా అంటే అక్కడ కరెంటు మగ్గం. ఎండాకాలంలో మాత్రం భాగవతానికి ఊరొచ్చేవాడు. వేషం లేనప్పుడు కూడా నన్ను పెద్దబాపూ అనే పిలిచేవాడు. మొదట ఎగతాళికి మొదలుపెట్టి తర్వాత అలాగే అలవాటు చేసుకున్నాడు.

పంతులు మాకు పెట్టిన నియమాల్లో గట్టిది కిరీటానిది. పొణికి అనే తేలిక చెక్కతో చేసి, బంగారు రంగు కాగితం అంటించి, చిన్న చిన్న అద్దం ముక్కలు పొదిగిన కిరీటం అది. గుడ్డ పట్టీతో గడ్డం కింద నుంచి తిప్పి మెడ వెనక ముడి వేయాలి. కట్టుకున్నవాడు కూర్చోకూడదు, తినకూడదు, ఆట స్థలం దాటకూడదు. ఎవరి చెయ్యి కట్టిందో ఆ చెయ్యే విప్పాలి.

“నెత్తి మీద కిరీటం పడ్డంక వాడు మనోడు గాదు, కతల మనిషి,” అనేవాడు పంతులు. “కట్టినోడు ముడి ఇప్పి పేరు పెట్టి పిలిస్తెనే మల్ల మనింటికి అస్తడు. ఎవని చేతులతోని వాడు ఇప్పుకుంటే సగమే అస్తడు.”

మేం నవ్వుకునేవాళ్ళం. అతను మాత్రం నవ్వేవాడు కాదు. పన్నెండేళ్ళ వయసు నుంచి ఆ మాటలు విన్నవాడు.

ఒక ఏడు ఆట మధ్యలో గాలివాన వచ్చింది. జనం, వేషగాళ్ళు, పంతులు అందరూ బడి వరండాలోకి ఉరికాం. హార్మోనియం తడవకుండా ఎత్తుకొచ్చే హడావిడిలో నేను వెనక్కి చూసుకోలేదు. కాసేపటికి ఎవరో అన్నారు, “అగో సూడుండ్రి, మన రాజు ఆన్నే ఉన్నడు!” వానలో, ఖాళీ అయిన ఆటస్థలం మధ్యలో, మొహం మీది రంగు కారిపోతూ అతను నిలబడి ఉన్నాడు. వరండా అంతా పగలబడి నవ్వింది. ఆ రోజు కట్టింది నేనే కనుక గొడుగు పట్టుకుని పోయి ముడి విప్పి, పేరు పెట్టి పిలిచాను. “ఇంకో జెరసేపు అయితే మునుగుదును పెద్దబాపూ,” అన్నాడు పళ్ళు కొట్టుకుంటూ.

ఈ సంగతి ముందే చెప్పడానికి కారణముంది. కోరుట్ల రోడ్డు మీద అతను ఎందుకు కదలలేదో తెలియక నేను వీరుడని అన్నానని ఎవరైనా అనుకోవచ్చు. నాకు తెలుసు. చూసిన క్షణంలోనే తెలుసు.

ఆ రోజు వంటావార్పు. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వండుకుని అక్కడే తినడం, బండ్లను ఆపడం. ఆ ఉద్యమంలో ఊరూరా చేసిన పని. కోరుట్ల దాటాక ఒక కల్వర్టు దగ్గర మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళం చేరాం. పొయ్యిల మీదికి మూడు పెద్ద వంట గంజులు ఎక్కాయి. రోడ్డుకు రెండు వైపులా లారీలు ఆగిపోయాయి. భాగవతంలోంచి ఒక ఘట్టం రోడ్డు మీదే ఆడదామని చెప్పింది నేను. అతన్ని సిరిసిల్ల నుంచి పిలిపించింది నేను. కిరీటం కట్టింది కూడా నేనే. గుడ్డ పట్టీని మెడ వెనక నేత ముడి వేశాను. మగ్గం మీద తెగిన దారం అతికే ముడి అది. మా నాన్న నేర్పింది.

ఉల్లిగడ్డలు కోస్తున్న ఒక ముసలామె అతన్ని చూసి, “ఓ రాజా, లడాయి తర్వాత జేద్దువు గని, జెర ఈ గంజు దించు,” అంది.

“కిరీటం ఉన్నదే అవ్వా. పని ముట్టుకుంటే మా పెద్దబాపు కొడ్తడు.”

“మీ పెద్దబాపుకు నోరే ఉన్నది, చేతులు యాడియి?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఘట్టం ఆడాం. నేను వేషం కట్టకుండా ప్యాంటు మీదే నిలబడి, దారి చెయ్యి, నీ వెనకే వస్తాం అని రాగం తీశాను. జనం ఈలలు వేశారు. ఆట అయిపోయాక అతను నా దగ్గరికి వచ్చి మెడ వంచాడు.

“ఇప్పరాదే పెద్దబాపూ. కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయ్. పొద్దుగాల చాయ తాగినంతే.”

“ఆగుర. జగిత్యాల నుంచి టీవీవోల్లు అస్తున్నరట. ఈ వేషంల నిన్ను ఒక్కసారి తీస్తే మనూరి పేరు అంతట తెలుస్తది.”

“ఊరి పేరా, నీ పేరా?”

“రెండు తెలుస్తయ్ తియ్యి.”

“గట్లయితే పప్పు అయిపోకుండ సూడు. నా వంతు పక్కకు తీయిపియ్యి,” అన్నాడు నవ్వుతూ. అక్కడే నిలబడ్డాడు. కూర్చోలేదు.

టీవీ వాళ్ళకంటే ముందు పోలీసు బండ్లు వచ్చాయి. అలాంటివి అప్పటికే చాలా చూసి ఉన్నాం కనుక ఎవరూ భయపడలేదు. నేను అతన్ని గంజుల ముందు, రోడ్డు మధ్య గీత మీద నిలబెట్టాను. కెమెరా వస్తే అక్కడైతే బాగుంటుందని నా లెక్క.

“ఈడనే ఉండు. నేను పోయి సారుతోని మాట్లాడొస్త.”

“మల్ల అస్తవు గద?”

“అస్తర. నీ ఎనకనే ఉంట.”

పదిహేను నిమిషాల ముందు రాగం తీసి పాడిన మాటే మళ్ళీ అన్నానని అప్పుడు నాకు తట్టలేదు. అతనికి తట్టిందేమో తెలియదు.

నేను అధికారి దాకా పోనేలేదు. మాటా మాటా పెరిగి ముందు వరసలో తోపులాట మొదలైంది. లాఠీలు లేచాయి. ఎవరో నా భుజం గుంజారు. గుంజారని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. గుంజకపోయినా ఉరికేవాణ్ణే. రోడ్డు పక్కన పసుపు చేను ఉంది. ఆకులు నడుము దాటి ఎదిగి ఉన్నాయి. అందులో పడి పాకి, మోటారు గుడిసె వెనక చేరి కూర్చున్నాను.

అక్కడి నుంచి రోడ్డు కనబడుతోంది. మనుషులు కనబడలేదు, దుమ్ము. ఆ దుమ్ములో కిరీటం కనబడింది. మిట్టమధ్యాహ్నపు ఎండకు అద్దాలు మెరుస్తున్నాయి. కిరీటం ఇటు జగిత్యాల వైపు తిరిగింది, అటు మెట్‌పల్లి వైపు తిరిగింది, మళ్ళీ ఇటు తిరిగింది. శత్రువు కళ్ళలోకి సూటిగా చూశాడని నేను తర్వాత రాశాను. అతను ఎవరినీ సూటిగా చూడలేదు. నా కోసం వెతుకుతున్నాడు.

ఒక్కసారి అతని చెయ్యి మెడ వెనక్కి పోయింది. ముడిని తాకింది. మళ్ళీ కిందికి దిగింది.

అరిస్తే వినిపించేంత దూరంలోనే ఉన్నాను. ‘ఇప్పుకోని ఉరుకు’ అంటే చాలు. నేను చెబితే అతను వినేవాడు. కట్టినవాడు నోటితో చెప్పినా విప్పినట్టే అనుకునేవాడు. కానీ అరిస్తే నేనెక్కడున్నానో తెలిసిపోతుంది. నోరు చేత్తో మూసుకున్నాను. ముసలామె అన్న నోరు అదే.

ఎవరి దెబ్బకు పడ్డాడో నాకు తెలియదు. లాఠీ తగిలిందో, వెనక్కి మళ్ళిన మా జనమే తోసుకుంటూ పోయారో. తెలుసని గట్టిగా చెప్పిన రోజులు కూడా ఉన్నాయి. తల కల్వర్టు గోడకు కొట్టుకుంది. కరీంనగర్ ఆస్పత్రిలో కొన్ని రోజులు ఉన్నాడు. ఒక్క మాట మాట్లాడకుండానే పోయాడు.

ఆ రోజు సాయంత్రం కాకముందే, రోడ్డు ఖాళీ అయ్యాక, పసుపు చేనులోంచి బయటికి వచ్చాను. గంజులు బోర్లాపడి అన్నం రోడ్డంతా తొక్కుడుపడి ఉంది. అప్పుడు వచ్చారు టీవీవాళ్ళు. ఒకతను మైకు నా ముందు పెట్టి అడిగాడు, “అన్నా, అందరు ఉరికిండ్రట గద, మీవోడెందుకు ఉరకలే?”

నా ప్యాంటు మోకాళ్ళ దాకా బురద. కాళ్ళు వణుకుతున్నాయి. “మావోడు వీరుడు. వెనుదిరగడం తెలియని వీరుడు,” అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చీరాగానే కాళ్ళ వణుకు తగ్గింది. అది నాకు బాగా గుర్తు. మందు వేసుకున్నట్టు తగ్గింది.

ఆ తర్వాత ఎన్నోసార్లు ఆ మందు వేసుకున్నాను. సంతాప సభలో మాట్లాడినప్పుడు నా గొంతు దానంతటదే భాగవతం గొంతు అయిపోయింది. కుర్రవాడు చనిపోయాక పెదనాన్న ఏడ్చే ఘట్టం ఒకటి ఉంటుంది. మా ఆటలో అన్నిటికంటే పొడుగైనదీ, జనం ఎక్కువగా మెచ్చుకునేదీ అదే. అంతకాలం ఆ వేషం వేశాను, ‘నువ్వే గదా పంపింది’ అని ఒక్క ప్రేక్షకుడూ ఆయన మీద కోపగించుకోలేదు. ఆయనతో కలిసి ఏడ్చేవాళ్ళు. వెనకే వస్తానన్న మాట ఏమైందని అడగాల్సిన చోట ఆయన కన్నీళ్ళు తుడిచేవాళ్ళు. ఆ సభలో నాకూ తుడిచారు. శాలువా కప్పి కూర్చోబెట్టారు.

వీరుడి కథ మనిషికి ఎందుకు కావాలో నేను పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు, మనలో లేని ధైర్యం వీరుడిలో చూసుకుంటామని చెప్పేవాణ్ణి. అది కొంతవరకు నిజమే కావచ్చు. నాకు పనికొచ్చింది మాత్రం వేరే. అతన్ని ఎంత ఎత్తున నిలబెడితే పసుపు చేను అంత కనబడకుండా పోయేది. తనంత తాను నిలబడ్డాడంటే ఇంక ఎవరూ వదిలేసి వచ్చినట్టు కాదు. పురాణంలో కూడా అంతే జరిగిందేమోనని నాకు అనుమానం. ఆ కుర్రవాడి పరాక్రమం గురించి అన్ని పద్యాలు పాడింది ఎవరు? లోపల ఏం జరిగిందో చూసినవాళ్ళు కారు. బయట ఆగిపోయినవాళ్ళు.

సభ అయ్యాక అతని తల్లి నా దగ్గరికి వచ్చింది. అంతకుముందు నన్ను తమ్మీ అనేది. ఆ రోజు మొదటిసారి సారూ అంది. వేదిక మీద కూర్చున్నంతసేపూ ఆమె కళ్ళు పొడిగానే ఉన్నాయి.

“సారూ, ఆ పొద్దు తిన్నడా?”

“తిన్నడక్కా. కడుపు నిండ తిన్నడు,” అన్నాను.

తల ఊపి వెళ్ళిపోయింది.

పంతులు అప్పటికి మంచం పట్టి ఉన్నాడు. చూడటానికి పోతే ఒకే ఒక్కటి అడిగాడు: “కిరీటం ఎవలు ఇప్పిండ్రు?” ఆస్పత్రిలో పట్టీ కత్తిరించారని చెప్పాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ నాతో మాట్లాడలేదు. ఆ ఏడు నుంచి మా ఊళ్ళో భాగవతం కట్టలేదు.

రాష్ట్రం వచ్చింది. నాకు పెళ్ళీడు కూతురుంది ఇప్పుడు, జుట్టు నెరిసింది. ఇన్నేళ్ళలో అతను నా కలలోకి ఒక్కసారి కూడా రాలేదు. వస్తే బాగుండును. ఎదురుగా వచ్చే లారీ అద్దం మీద ఎండ తళుక్కుమంటే నా మెడ దానంతటదే కిందికి వంగుతుంది. తరగతిలో పిల్లలు రాసుకుంటుంటే వెనక నుంచి నడవలేను. వంచిన మెడలు, మెడ మీద చిన్న వెంట్రుకలు చూడలేను. ముందు నుంచే నడిచి వెళతాను. మా సారుకు వెనక బెంచీలంటే పడదని పిల్లలు చెప్పుకుంటారు.

పోయిన ఎండాకాలం విగ్రహం కమిటీ కుర్రాళ్ళు ఇంటికి వచ్చారు. వేషంలో ఉన్న ఫొటో ఒకటి తల్లి దగ్గర ఉందట, నన్ను పోయి అది అడిగి తెమ్మన్నారు, రాతి మీదికి నాలుగు మాటలు రాసివ్వమన్నారు. ఆమె సిరిసిల్లలో కూతురి దగ్గర ఉంటోంది. వేములవాడ మీదుగా బస్సులో వెళ్ళాను.

ఇల్లు సాంచాల షెడ్డుకు ఆనుకునే ఉంది. అల్లుడు షెడ్డులో పనిలో ఉన్నాడు. ఆ చప్పుడులో పక్కనున్న మనిషితో కూడా గట్టిగా మాట్లాడాలి. ఆమె ముందు చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. వచ్చిన పని చెప్పాను. చేతులు ఆపకుండానే విన్నది.

“పెట్టుండ్రి సారూ, మంచిదే. గని ఒకటి అడుగుత, నిజం జెప్పు. అందరు ఉరికిండ్రు. నా కొడుకెందుకు ఉరకలే? అమ్మ ఉన్నది, చెల్లె ఉన్నది అని యాదికి రాలేదా వానికి? మీరు వీరుడు వీరుడు అంటే నాకు గదే అనిపిస్తది. మేం అక్కరలేకనే నిలవడ్డడా అని.”

అన్నేళ్ళుగా నేను ఆమె కొడుకును పైకి లేపుతున్నాననుకున్నాను. ఆమెకు మాత్రం, నీ కొడుకు నిన్ను కాదనుకుని పోయాడని సభల్లో, పత్రికల్లో చెబుతూ వచ్చాను.

“అక్కా, వాడు నా కోసం నిలవడ్డడు,” అన్నాను.

“ఏమన్నవ్? ఇనవడ్తలేదు.”

సాంచాల చప్పుడు మించి అరవాల్సి వచ్చింది. పసుపు చేనులో అరవనివాణ్ణి అక్కడ అరిచాను. “నేనే నిలవడుమన్న! అస్త అని చెప్పి రాలే! కిరీటం ముడి నేను ఇప్పాలె. ఇప్పలే. నేను చేన్ల దాసుకున్న. వాడు నన్ను దేవులాడుతుంటే చూసుకుంట కూసున్న.”

ఆమె చేతులు ఆగాయి.

“అంటే, రావాలనే ఉండె వానికి.”

“ఉండె అక్కా.”

“నువ్వు ఇప్పితే అస్తుండె.”

“అస్తుండె.”

“అన్నం?”

“తినలే. పక్కకు తీయిపియ్యుమన్నడు. నేను తీయలే.”

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. పాత లుంగీలో చుట్టిన మూట తెచ్చి నా ముందు పెట్టి విప్పింది. కిరీటం. అద్దాలు సగం ఊడిపోయాయి. ఆస్పత్రిలో పట్టీని గడ్డం దగ్గర కత్తిరించారు, వెనక ముడి అలాగే ఉంది.

“ఇప్పు,” అంది.

ఏళ్ళ తరబడి ఎండిన ముడి. చెమట, ఇంకా ఏమేమో తాగి రాయిలా అయింది. నా చెయ్యి తెలియకుండానే చాటలో ఆకు కోసే కత్తెర వైపు పోయింది. ఆమె చాటను తన వైపు లాక్కుంది.

నేత ముడి లాగితే బిగుస్తుంది. విప్పాలంటే కొసను వెనక్కి నెట్టాలి. కూర్చుని నెట్టాను. ఒక గోరు విరిగింది. ఆమె నా మొహం చూడలేదు, వేళ్ళే చూసింది. చెమట కళ్ళలోకి కారుతుంటే, ఎంతసేపో నాకు తెలియదు, ముడి కొంచెం కదిలింది, ఇంకొంచెం కదిలి వదులైంది. విడిపోయిన మడతలో రెండు నల్లటి వెంట్రుకలు ఉన్నాయి.

పేరు పెట్టి పిలవాలి. ఆ నియమం ఆమెకు తెలియదనుకున్నాను. తెలుసు. నా కంటే ముందే పిలిచింది. కొడుకును అన్నం తినడానికి పిలిచినట్టు, మామూలుగా. ఆ చప్పుడులో నాకు పెదాల కదలికే కనబడింది.

ఆ రెండు వెంట్రుకలనూ తీసి చిన్న తునికాకు ముక్కలో పెట్టి చుట్టింది. బీడీకి కట్టినట్టే దారం కట్టింది. రవిక లోపల దాచుకుంది.

గుమ్మంలోంచి కూతురు అడిగింది, “అమ్మా, సారుకు చాయ పెట్టాల్నా?”

“వద్దు బిడ్డా. ఆయిన పోతుండు.”

లేచాను. ఫొటో అడగలేదు.